గీతలన్నీ నూరు దగ్గర మొదలవ్వాలి: ధరల సూచీ రిపోర్టు డైరీ

మొదటి రోజు

కొనుగోలు విభాగం హెడ్ నుంచి వచ్చిన మెయిల్లో ఉన్నది ఒకే వాక్యం. మనం కొనే పద్నాలుగు సరుకుల ధరలు ఐదేళ్లలో ఎలా మారాయో ఒకే చార్టులో చూపించాలి. చదవగానే గంటన్నర పని అనుకున్నాను, "సాయంత్రానికి పంపిస్తాను సార్" అని జవాబు కూడా రాసేశాను. ఏ సాయంత్రమో రాయకపోవడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని.

డేటాలో పెద్ద గందరగోళం ఏమీ లేదు, కనీసం అప్పటికి కనబడలేదు. ధరల టేబుల్లో తేదీ, సరుకు కోడ్, ధర, కొలత. సరుకుల టేబుల్ విడిగా, క్యాలెండర్ టేబుల్ విడిగా. రిపోర్టు పవర్ బీఐ అనే మైక్రోసాఫ్ట్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌లో. క్యాలెండర్‌ని డేట్ టేబుల్‌గా మార్క్ చేసి, రిలేషన్‌షిప్పులు కలిపి, మామూలు లైన్ చార్టు పెట్టి చూశాను. రాగి కేబుల్ చుట్ట ధర వేలల్లో ఉంటుంది, అట్టపెట్టెది పది పన్నెండు. చార్టులో కేబుల్ ఒక్కటే ఆకాశంలో, మిగతా పదమూడూ నేలకి అంటుకుపోయి ఒకే మందపాటి గీతలా. రెండో యాక్సిస్ పెడదామంటే అది ఇద్దరి తగాదా తీరుస్తుంది గానీ పద్నాలుగు మందిది తీర్చదు.

కాబట్టి సూచీ. ఒక రోజుని ఆధారంగా తీసుకుని ఆ రోజు ధరని 100 అనుకుంటాం, ఆ తర్వాత ఏ రోజు ధరనైనా ఆధార ధరతో భాగించి 100తో గుణిస్తాం. అట్టపెట్టె 12 నుంచి 15కి వెళితే 125, కేబుల్ 8,400 నుంచి 9,240కి వెళితే 110. కేబుల్ 840 పెరిగింది, పెట్టె 3 పెరిగింది, అయినా వేగంగా పెరిగింది పెట్టే. చార్టు చెప్పాల్సింది ఇదే. 100 అనేది అలవాటే గానీ శాసనం కాదు, అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500కి 1941-43 సగటుని 10గా పెట్టుకున్నారు. మాకైతే 100 చాలు, పక్కన ఎంత పెరిగిందో లెక్కేసుకోకుండానే శాతం కంటికి కనబడిపోతుంది.

ఫార్ములా ఒక్క లైను కదా అని ధరల టేబుల్లోనే ఒక క్యాల్క్యులేటెడ్ కాలమ్ రాసేశాను. ప్రతి వరసలో ఆ సరుకు మొదటి తేదీ ధర పట్టుకొచ్చి భాగించడం. పనిచేసింది. గీతలన్నీ చక్కగా 100 దగ్గర మొదలై విడిపోయాయి, అందంగా ఉంది కూడా. తర్వాత తేదీ స్లైసర్ (ఏ కాలం చూడాలో తెరమీదే ఎంచుకునే మీట) పెట్టి చివరి రెండేళ్లకి జరిపాను. గీతలు 118, 142, 91 దగ్గర మొదలయ్యాయి. క్యాల్క్యులేటెడ్ కాలమ్ డేటా రిఫ్రెష్ అయినప్పుడే లెక్కయి కూర్చుంటుంది, ఆ తర్వాత తెరమీద ఎవరు ఏ స్లైసర్ జరిపినా దానికి తెలియదు. చూసేవాళ్లు ఎంచుకున్న కాలానికి తగ్గట్టు ఆధారం మారాలంటే మెజర్, అంటే తెరమీది ఎంపికల్ని బట్టి అప్పటికప్పుడు లెక్కయ్యే ఫార్ములా, రాయాల్సిందే. ఆ రోజు సాయంత్రం అలా గడిచిపోయింది.

రెండో రోజు

మెజర్ రాశాను. ఇవాళ్టి ధరని ఒక వేరియబుల్లో పెట్టుకున్నాను, ఆధార తేదీని ఇంకో వేరియబుల్లో. తర్వాత ఆ ధర వేరియబుల్‌ని, ఫిల్టర్ మార్చి లెక్కేసే క్యాల్క్యులేట్ ఫంక్షన్‌లో పెట్టి తేదీ ఆధార తేదీకి సమానం అని ఫిల్టర్ ఇచ్చాను, దానితో భాగించాను. ఎంటర్ కొడితే పద్నాలుగు గీతలూ 100 మీద ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఐదేళ్లపాటు ఏ ధరా మారలేదన్నమాట. కొనుగోలు విభాగానికి ఇదే పంపితే ప్రమోషన్ ఇచ్చేవాళ్లేమో.

అరగంట తర్వాత బుర్రకెక్కింది. పవర్ బీఐ ఫార్ములాల భాష డాక్స్‌లో వేరియబుల్ అనేది పేరుకే వేరియబుల్. నిర్వచించిన చోట ఒకసారి లెక్కయిపోతే ఇక మారదు. తర్వాత దాన్ని ఎన్ని క్యాల్క్యులేట్‌లలో చుట్టినా, ఎన్ని ఫిల్టర్లు పెట్టినా, అదే అంకె. అంటే నేను ఇవాళ్టి ధరని ఇవాళ్టి ధరతోనే భాగిస్తున్నాను. వేరియబుల్ తీసేసి క్యాల్క్యులేట్ లోపల అసలు ధర మెజర్‌నే పిలిస్తే గీతలు లేచాయి. ఇదే 100 జబ్బు ఇంకో రకంగానూ వస్తుంది, అదీ చూశాను. చార్టు యాక్సిస్‌లో క్యాలెండర్ తేదీకి బదులు ధరల టేబుల్లోని తేదీని లాగి, ఫార్ములాలో మాత్రం క్యాలెండర్ మీది ఫిల్టర్‌ని తొలగిస్తే, యాక్సిస్ ఫిల్టర్ అలాగే ఉండిపోయి ప్రతి బిందువూ తనకి తానే ఆధారం అయిపోతుంది. అందుకే ధరల టేబుల్లో తేదీ కాలమ్‌ని దాచేశాను, నాతో సహా ఎవరూ లాగకుండా.

ఆధార తేదీ కోసం వాడింది ఆల్‌సెలెక్టెడ్ అనే ఫంక్షన్. చార్టులో ఒక్కో బిందువుకి లెక్క జరిగేటప్పుడు ఆ ఒక్క రోజే ఫిల్టర్‌గా ఉంటుంది, అక్కడ నిలబడి "మొదటి రోజేది" అని అడిగితే ఆ రోజే చెబుతుంది. ఆల్‌సెలెక్టెడ్ ఆ యాక్సిస్ ఫిల్టర్‌ని పక్కకి తీసి స్లైసర్‌లో ఎంచుకున్న కాలాన్ని మాత్రం ఉంచుతుంది. ఉత్త ఆల్ ఫంక్షన్ వాడితే స్లైసర్‌ని కూడా పట్టించుకోదు, ఐదేళ్ల కిందటి మొదటి రోజుకే కట్టేసి ఉంటుంది. రెండిటికీ చోటుంది. ఇక్కడ కావాల్సింది మొదటిది అనుకున్నాను. (ఈ అభిప్రాయం చివరికి నిలబడలేదు, చెబుతాను.)

టాబ్లో అనే ఇంకో రిపోర్టుల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే స్నేహితుడికి ఇదంతా చెబితే "లుకప్‌లో ఫస్ట్ పెడితే అయిపోయేదానికి రెండు రోజులా" అని నవ్వాడు. అక్కడ అది టేబుల్ క్యాల్క్యులేషన్, తెరమీద ఉన్న అంకెల్లో మొదటిదాన్ని పట్టుకుంటుంది కాబట్టి నిజంగానే తేలిక. కాకపోతే తేదీ ఫిల్టర్ పెట్టగానే అక్కడా మొదటి అంకె మారుతుంది, ఆ మారడం మీకు కావాలో వద్దో అక్కడ కూడా మీరే తేల్చుకోవాలి.

మూడో రోజు

స్లైసర్‌ని ఒక ఆదివారం దగ్గర మొదలుపెడితే చార్టు మొత్తం ఖాళీ. ఆధార తేదీని క్యాలెండర్ టేబుల్ నుంచి తీసుకుంటున్నాను, క్యాలెండర్‌లో ఆదివారం ఉంది, ధరల టేబుల్లో లేదు. ఆధార ధర ఖాళీ, డివైడ్ ఫంక్షన్ మర్యాదగా ఖాళీనే తిరిగిచ్చింది. క్యాలెండర్ తేదీల్లో కనిష్ఠం బదులు ధరల టేబుల్లోని తేదీల్లో కనిష్ఠం అడిగితే సరిపోయింది.

సరిపోయింది అనుకున్నాను గానీ అక్కడే అసలు ప్రశ్న మొదలైంది. ఇప్పుడు లెజెండ్‌లో (ఏ గీత ఏ సరుకుదో చెప్పే చోట) సరుకు పేరు ఉంది కాబట్టి కనిష్ఠ తేదీ సరుకుకొకటి వస్తోంది. పదమూడు సరుకులకి ఐదేళ్ల కిందటి నుంచే డేటా ఉంది. ఇన్సులేషన్ టేపు మాత్రం రెండేళ్ల కిందటే కొనడం మొదలుపెట్టాం, దాని గీత చార్టు మధ్యలో 100 దగ్గర పుడుతోంది. పక్కనే రాగి 160 దగ్గర ఉంది. చూసినవాళ్లు టేపు చవగ్గా ఉంది అనుకుంటారు. నిజానికి ఆ రెండిటినీ పోల్చడానికే లేదు, ఒకటి ఐదేళ్ల ప్రయాణం, ఇంకోటి రెండేళ్లది.

రెండు దారులున్నాయి. ఒకటి, ఎవరి ఆధారం వాళ్లకి వదిలేసి పోల్చే బాధ్యత చూసేవాళ్ల మీద పెట్టడం. రెండు, ఎంచుకున్న సరుకులన్నిటికీ ధర ఉన్న తొలి రోజుని వెతికి అందరికీ అదే ఆధారం చేయడం. రెండోది రాయడం కష్టమేం కాదు, ఒక్కో సరుకు మొదటి తేదీని మ్యాక్స్‌ఎక్స్ అనే ఫంక్షన్‌తో తిప్పి అందులో గరిష్ఠం తీసుకోవడమే, ఆ గరిష్ఠ తేదీన ధర లేని సరుకుకి అంతకుముందు దొరికే చివరి ధర. కాకపోతే దీని ఫలితం ఏంటంటే టేపుని ఎంచుకోగానే అందరి ఆధారం రెండేళ్ల కిందటికి దూకుతుంది, టేపు తీసేయగానే మళ్లీ ఐదేళ్లు వెనక్కి. పక్క సీటు మేడమ్ చూసి, "టేపు మీద క్లిక్ చేస్తే రాగి ధర ఎందుకు తగ్గిపోయిందండీ" అని అడిగారు. రాగి ధర తగ్గలేదు మేడమ్, మనం కొలవడం మొదలుపెట్టిన రోజు మారింది అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు ప్రతి వాడుకరికీ నేను వెళ్లి చెప్పలేను కదా.

ఉమ్మడి ఆధారమే ఉంచాను. కానీ చార్టు టైటిల్‌ని కూడా మెజర్ చేసి, "ఆధారం: ఫలానా తేదీ = 100" అని అది తనంత తాను మారేలా పెట్టాను. ఎందుకో చిన్న పనిలా అనిపించింది అప్పుడు.

ఐదో రోజు

సార్ ఫోన్. సూచీ వద్దు, "ఎంత శాతం మారింది" అని చూపించమన్నారు. భాగించి ఒకటి తీసేయడమే కదా, నిమిషంలో మార్చాను. ఇంకా రాని నెలల్లో గీతలన్నీ మైనస్ వంద శాతానికి కుప్పకూలి డిసెంబర్ దాకా అలాగే పాక్కుంటూ వెళ్లాయి.

ఖాళీని 100తో గుణిస్తే డాక్స్‌లో ఖాళీయే వస్తుంది. ఖాళీ నుంచి ఒకటి తీసేస్తే మాత్రం ఖాళీని సున్నాగా తీసుకుని మైనస్ ఒకటి ఇస్తుంది. నిన్నటిదాకా గుణకారంలో ఉన్నాను కాబట్టి ఈ గొయ్యి కనబడలేదు. క్యాలెండర్ టేబుల్ ఏడాది చివరిదాకా ఉంది, అక్కడ ధరలు లేవు, అంతే. ధర ఖాళీ అయితే ఖాళీ ఇవ్వు అని ఒక ఇఫ్ పెట్టి బయటపడ్డాను.

ఖాళీల గోల అక్కడితో ఆగలేదు. కొన్ని సరుకులకి రోజూ ధర రాదు, కొన్నప్పుడే వస్తుంది. జిగురు నెలకి ఒకసారి కొంటాం. గీత ముక్కలు ముక్కలుగా ఉంది. చివరగా తెలిసిన ధరని ముందుకి లాక్కురావాలి, లాస్ట్‌నాన్‌బ్లాంక్‌వాల్యూ అనే ఫంక్షన్ ఆ పని చేస్తుంది. చేసింది, మరీ ఎక్కువ చేసింది. ఏడాదిన్నర కిందటే మేం కొనడం ఆపేసిన ఒక పెయింటు గీత కూడా ఇవాళ్టిదాకా నిటారుగా, ధర కదలని ఆదర్శ సరుకులా వచ్చేసింది. చివరి కొనుగోలు తేదీ నుంచి 45 రోజులు దాటితే ఇక లాగొద్దు అని హద్దు పెట్టాను. 45 ఎందుకంటే జిగురు నెలకోసారి, రెండు వారాలు ఆలస్యం అయినా గీత తెగకూడదని. ఇది ఏ పుస్తకంలోనూ ఉండే అంకె కాదు, నా డేటా చూసి నేను పెట్టుకున్నది.

మధ్యలో ఒక గంట ఇంకో దారి కూడా తొక్కాను. రోజు రోజు మార్పుల్ని ప్రాడక్ట్‌ఎక్స్ అనే ఫంక్షన్‌తో వరసగా గుణించుకుంటూ పోతే ఆధారం గొడవే ఉండదు కదా అని. ప్రతి రోజు ధరని దాని ముందు రోజు ధరతో భాగించాను. శుక్రవారం 100, సోమవారం 110 అనుకోండి. సోమవారానికి ముందు రోజు ఆదివారం, దానికి ధర లేదు, నిష్పత్తి ఖాళీ. ప్రాడక్ట్‌ఎక్స్ ఖాళీల్ని వదిలేస్తుంది. ఆ పది శాతం ఎక్కడికీ చేరకుండా గాలిలో కలిసిపోయింది. ప్రతి వారాంతంలో జరిగిన పెరుగుదలంతా అలాగే పోయి, రాగి ఐదేళ్లలో దాదాపు కదలలేదని నా మెజర్ ఎంతో నమ్మకంగా చెప్పింది. ముందు రోజు కాదు, ముందు ధర ఉన్న రోజు అని రాయాలి. రాశాను, సరైంది, తర్వాత తీసేశాను, ఒక్కో సరుకుకి నేరుగా భాగించడమే తేలిక. ఆ మెజర్‌ని పారేయకుండా పక్కన పెట్టాను, తర్వాత పనికొచ్చింది.

ఆరో రోజు

ఉక్కు రేకు గీత మొదటి రోజు 100, మర్నాడు 50, ఆ తర్వాత ఐదేళ్లపాటు 50 చుట్టూనే. ఇలా సరిగ్గా సగం కనబడితే మార్కెట్‌ని కాదు, మీ డేటాని అనుమానించండి. ఆధార తేదీన రేకుకి రెండు వరసలున్నాయి, అదే ధర, ఎవరో ఫైలు రెండుసార్లు ఎక్కించారు. ధర మెజర్‌లో నేను సమ్, అంటే కూడిక, వాడాను. ఆ ఒక్క రోజు ధర రెట్టింపు, మిగతా జీవితమంతా సగం.

మామూలు రిపోర్టులో ఒక రోజు డూప్లికేటు ఒక రోజునే పాడుచేస్తుంది. సూచీలో ఆధార రోజు పాడైతే గీత మొత్తం పాడవుతుంది, పైగా ఆకారం చెడదు కాబట్టి కంటికి ఆనదు. రెట్టింపు కాబట్టి దొరికింది, అదే ఆ రోజు ధర ఎవరో మూడు శాతం తప్పుగా కొట్టి ఉంటే ఎప్పటికీ దొరికేది కాదు. సమ్ తీసి యావరేజ్ పెట్టాను, డూప్లికేట్లని డేటా లోపలికి వచ్చేటప్పుడు శుభ్రం చేసే పవర్ క్వెరీలోనే తీసేశాను. ధరల్ని కూడటం అనే పనికి అర్థమే లేదని మొదటి రోజే తట్టాల్సింది.

నెలవారీ చూపు కూడా ఇదే రోజు పెట్టాను, అక్కడా చిన్న తమాషా. యాక్సిస్‌లో నెల పెడితే ప్రతి బిందువూ నెల సగటు, ఆధారం మాత్రం ఒక్క రోజు ధర. మొదటి నెల బిందువు 100 రావాల్సింది 103 వచ్చింది. నెలవారీ చూపుకి ఆధారం కూడా నెల సగటే కావాలి.

ఎనిమిదో రోజు

సార్ స్వయంగా నా సీటు దగ్గరికి వచ్చారు. "ఇవన్నీ సరే, మొత్తం మీద మనకి ఎంత పెరిగిందో ఒక్క గీత చాలు." లెజెండ్‌లో సరుకు తీసేశాను. ఒక గీత వచ్చింది. "ఇదే" అన్నారు. "ఇది కాదు సార్" అన్నాను, కానీ ఏది అవునో అప్పటికి నాకూ తెలియదు.

సరుకు ఫిల్టర్ పోగానే మెజర్ చేస్తున్నదేంటంటే అన్ని ధరల సగటుని ఆధార రోజు సగటుతో భాగించడం. ఖరీదైన కేబులే అందులో రాజు, పెట్టెలూ జిగురూ ఉన్నా లేనట్టే. కాగితం మీద రెండు సరుకులతో వేసి చూసుకున్నాను. మొదటిది 10 నుంచి 20 అయింది, రెండోది 1,000 దగ్గరే ఉంది. ధరల సగటు పద్ధతిలో 1,020ని 1,010తో భాగిస్తే 100.99. ఒక సరుకు రెట్టింపైతే సూచీ ఒక్క శాతం కూడా కదల్లేదు. విచిత్రం ఏంటంటే 1896లో అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ ఇండస్ట్రియల్ యావరేజ్ మొదలైంది పన్నెండు షేర్ల ధరలు కూడి పన్నెండుతో భాగించే ఇలాంటి లెక్కతోనే, ఇప్పటికీ అందులో ఖరీదైన షేరు మాటే ఎక్కువ చెల్లుతుంది.

సరే, ఒక్కో సరుకు సూచీ ముందు లెక్కేసి వాటి సగటు తీద్దాం. 200, 100, సగటు 150. బాగానే ఉంది కదా? మర్నాడు మొదటి సరుకు మళ్లీ 10కి దిగిందనుకోండి. ఆ రోజు మార్పు 50, 100, సగటు 75. 150లో 75 శాతం 112.5. ధరలన్నీ మొదటికే వచ్చేశాయి, సూచీ మాత్రం పన్నెండున్నర శాతం పెరుగుదల చూపిస్తోంది. రోజురోజుకీ గొలుసు కట్టుకుంటూ పోతే ఈ పక్షపాతం పేరుకుంటూనే ఉంటుంది. ఈ సగటుకి కార్లీ అనే ఇటలీ ఆయన పేరుంది, 1764 నాటిది, దాని లోపం కూడా పాతదే. గుణోత్తర సగటు (రెండిటినీ గుణించి వర్గమూలం) తీస్తే 200, 100కి 141.42 వస్తుంది, వెనక్కి దిగినప్పుడు 70.71, రెండూ గుణిస్తే సరిగ్గా 100. ఇది ఇంగ్లండు ఆర్థికవేత్త జెవన్స్ 1863లో వాడిన దారి. డాక్స్‌లో జియోమీన్‌ఎక్స్ అని దీనికి ఫంక్షనే ఉంది, సరుకుల జాబితా మీద తిప్పడమే.

ఒకే రెండు సరుకులు, ఒకే ధరలు, మూడు జవాబులు: 100.99, 150, 141.42. సాఫ్ట్‌వేర్ ఏదీ తప్పు అనదు. టోటల్ గీతని అది ఏం గీస్తే అది పంపేసే రిపోర్టులు ఎన్ని ఉంటాయో అని ఆ సాయంత్రం కాస్త భయం వేసింది, అందులో నావీ కొన్ని ఉంటాయి కాబట్టి.

తొమ్మిదో రోజు

కానీ సార్‌కి కావాల్సింది ఆ మూడిట్లో ఏదీ కాదు. ఆయన ప్రశ్న "మన ఖర్చు ఎంత పెరిగింది" అని. ఖర్చు అంటే పరిమాణం కావాలి. జిగురు రెట్టింపైతే మాకు ఎవరికీ చెమట పట్టదు, కేబుల్ పది శాతం పెరిగితే మీటింగులు పెడతారు.

కొనుగోళ్ల టేబుల్ తెచ్చి కలిపాను. ఆధార కాలంలో కొన్నంత పరిమాణమే ఇప్పుడూ కొంటే ఎంతవుతుంది, అప్పుడు ఎంతయింది, రెండిటి నిష్పత్తి. 1871లో జర్మనీ ఆర్థికవేత్త లాస్పేర్ చెప్పిన లెక్క ఇది. పాత రెండు సరుకులే తీసుకుంటే, మొదటిది 100 యూనిట్లు, రెండోది ఒకటి. అప్పటి ఖర్చు 2,000, ఇప్పటి ధరల్లో 3,000, సూచీ 150. అయితే ధర రెట్టింపయ్యాక మొదటి సరుకు అంతే కొంటామా? 40కి తగ్గించామనుకోండి, ఇప్పటి పరిమాణాలతో లెక్కేస్తే 1,800ని 1,400తో భాగించాలి, 128.57. ఇది పాషే పద్ధతి, 1874. రెండిటి గుణోత్తర సగటు 138.87, దాన్ని అమెరికా ఆర్థికవేత్త ఫిషర్ ఆదర్శ సూచీ అన్నారు.

నేను లాస్పేర్ తీసుకున్నాను. ఆదర్శం అయినందుకు కాదు, మీటింగులో ఒక్క వాక్యంలో చెప్పగలను: అప్పటి బుట్ట ఇప్పుడు కొంటే ఎంత. దాన్ని సరుకు సరుకుకీ లెక్కేసి కూడే సమ్‌ఎక్స్‌తో రాశాను, ఆధార తేదీ, ఆధార పరిమాణాలు లూపు బయట వేరియబుల్స్‌లో. (రెండో రోజు నన్ను ముంచిన గుణం, ఒకసారే లెక్కవడం, ఇక్కడ వరం. మొదట లోపల పెట్టాను, చార్టు తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. బయటికి తీశాక రెండు సెకన్లు.)

పదకొండో రోజు

మేకులు. నాలుగేళ్లు గీత నిమ్మళంగా 100, 104 మధ్య. పక్క సీటు మేడమ్‌కి కొనుగోళ్లు కొట్టిన అనుభవం ఉంది, చూడగానే "మేకుల ప్యాకెట్ చిన్నది చేశారు కదండీ" అన్నారు. ప్యాకెట్టుకి 12 డజన్లు ఉండేది 10 అయింది, ధర అంతే. మేకు లెక్కన చూస్తే 20 శాతం పెరుగుదల, మా సూచీలో సున్నా. కొలత కాలమ్‌లో మాత్రం రెండుచోట్లా "ప్యాకెట్" అనే ఉంది. షేర్లలో ఇది తిరగబడి వస్తుంది, ఆపిల్ 2020 ఆగస్టులో ఒక షేరుని నాలుగు చేసింది, సవరించని ధరలతో సూచీ వేస్తే ఒక్క రాత్రిలో 100 నుంచి 25కి పడిపోయినట్టు కనబడుతుంది. ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు.

సరుకుల టేబుల్ పక్కన "ప్యాకెట్టులో ఎన్ని" అని తేదీలతో సహా ఒక చిన్న టేబుల్ పెట్టి, ధరని దానితో భాగించి యూనిట్ ధర మీదే సూచీ నడిపాను. ఆ టేబుల్ నింపడానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే అది ఏ సిస్టమ్‌లోనూ లేదు, మనుషుల జ్ఞాపకంలో ఉంది.

జిగురు రకం మారిన సంగతి కూడా అప్పుడే తేలింది. పాతది ఆగిన నాటికి దాని సూచీ 130. ఆ వారంలో రెండు రకాలూ కొన్నారు, కొత్తది అప్పుడు 48, ఇప్పుడు 60. కొత్తదాన్ని మళ్లీ 100తో మొదలుపెట్టకుండా 130ని 60/48తో గుణించాను, 162.5. ఐదో రోజు పక్కన పెట్టిన ప్రాడక్ట్‌ఎక్స్ గొలుసు ఇక్కడ అక్కరకొచ్చింది. రెండు రకాల ధరలూ ఉన్న వారం ఒకటి దొరికింది కాబట్టి సరిపోయింది. పెయింటుకి అలాంటి వారం లేదు, దాని గీతని అక్కడే తెంపేసి ఊరుకున్నాను.

పదమూడో రోజు

పరీక్షలు. ఆధార తేదీన అన్నీ 100 రావడం మొదటిది, అది ఎవరైనా చూస్తారు. దానికంటే గట్టిది ఇంకోటుంది. ఆధారం ఏ రోజుకి మార్చినా, ఏవైనా రెండు రోజుల సూచీల నిష్పత్తి మారకూడదు, ఎందుకంటే అది ఆ రెండు రోజుల ధరల నిష్పత్తే. మూడు ఆధారాలు పెట్టి పది జతలు ఎక్సెల్‌లో చేత్తో లెక్కేశాను. కేబుల్లో ఒక జత తేడా వచ్చింది, చూస్తే ఆ జతలో ఒక రోజు ధర వెతికేటప్పుడు 45 రోజుల హద్దు పెట్టలేదు, పాత ధర లాక్కొచ్చింది.

మీటింగుకి ముందు నమూనా చూపిస్తే ఒకాయన, సూచీ 120 నుంచి 132కి వెళ్లింది కాబట్టి పన్నెండు శాతం పెరిగింది అన్నారు. పన్నెండు పాయింట్లు, పది శాతం. గీత మీద మౌస్ పెడితే కనబడే టూల్‌టిప్‌లో రెండూ విడివిడిగా రాశాను. యాక్సిస్‌ని లాగ్ స్కేల్‌కి మార్చాలని కూడా ఉంది, రెట్టింపవడం, సగమవడం అందులో సమాన దూరంలో కనబడతాయి. సార్ ఒకసారి చూసి "ఈ గళ్లేంటి ఇలా ఉన్నాయి" అన్నారు. మామూలు స్కేలే ఉంచాను, 100 దగ్గర ఒక సన్నని అడ్డగీత పెట్టి.

పదిహేనో రోజు

ఆధారాన్ని వాడుకరే ఎంచుకునేలా ఏ టేబుల్‌తోనూ సంబంధం లేని తేదీల టేబుల్ ఒకటి పెట్టాను, దాని మీద స్లైసర్. ఎంచుకున్న తేదీన ధర లేకపోతే దానికి ముందున్న ధర. చాలా గొప్ప ఫీచర్ అనుకున్నాను.

రెండు విభాగాలకి ఒకే లింకు ఇచ్చాను. కొనుగోలు వాళ్లు రాగి శిఖరం మీద ఉన్న రోజుని ఆధారం పెట్టుకుని, మా బేరాల వల్ల ఖర్చు 88కి తగ్గింది చూడండి అన్నారు. అమ్మకాల వాళ్లు ధరలు అడుగున ఉన్న వారం ఎంచుకుని, ఖర్చు 139కి చేరింది, మేం రేట్లు పెంచక తప్పదు అన్నారు. ఇద్దరి అంకెలూ సరైనవే. ఇద్దరూ ఒకే మీటింగులో, ఒకే రిపోర్టు తెరమీద పెట్టుకుని. నా వైపు చూశారు.

స్లైసర్ తీసేశాను. ఆల్‌సెలెక్టెడ్ కూడా తీసేశాను, రెండో రోజు కొట్టిపారేసిన ఉత్త ఆల్‌కే తిరిగొచ్చాను. ఆధారం ఒకే ఒక్కటి, డేటాలో మొదటి ఏడాది మొత్తం సగటు. లాస్పేర్ బుట్ట కూడా ఆ ఏడాది కొన్నదే. ఒక రోజు ధరలో ఆ రోజు తప్పులూ, ఆ సీజన్ ఎగుడుదిగుళ్లూ అన్నీ ఉంటాయి, ఏడాది సగటులో అవి చాలావరకు సర్దుకుంటాయి, ఉక్కు రేకు డూప్లికేటు లాంటిది వచ్చినా గీత మొత్తం సగానికి పడదు. ధరల సూచీలు వేసే గణాంక శాఖలు ఆధార రోజు అని కాకుండా ఆధార సంవత్సరం అని ఎందుకంటాయో పదిహేను రోజులు తిరిగాక అర్థమైంది. తర్వాత మొదలైన టేపుకి, అది వచ్చిన రోజు మొత్తం సూచీ ఎంత ఉందో అక్కడి నుంచే గీత మొదలుపెట్టాను, చుక్కల గీతగా. అది ఊహ అని తెలిసేలా.

పదహారో రోజు

సాయంత్రం ఐదున్నరకి లింకు పంపాను. మొదటి రోజు మెయిల్ కిందనే జవాబుగా.

ఆరింటికి సార్ నుంచి జవాబు వచ్చింది. గీతలన్నీ 100 దగ్గర మొదలవ్వాలి కదా, ఇవి 96 దగ్గరా 103 దగ్గరా ఎందుకు మొదలవుతున్నాయి, ఎక్కడో తప్పుంది చూడండి అని. ఆధారం ఏడాది సగటు కాబట్టి మొదటి రోజు 100 ఉండదు సార్, టైటిల్లో రాశాను అని చెప్పాను. "టైటిల్ ఎక్కడుంది?" అన్నారు.

అక్షరాల సైజు 12 నుంచి 16కి పెంచాను. సూచీలో చెప్పాలంటే 133.3.